యుద్ధం వచ్చినప్పుడు సంఘం పని గెలుపు కోసం ప్రార్థించడమేనా?

దేవరకొండ_యోసేపు
2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ జరుగుతున్న రోజుల్లో మా సంఘంలో రాత్రి ప్రార్థనలు పెట్టారు. అప్పుడు జరిగిన ఒక విషయం ఇప్పటికీ నన్ను వదలడం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

టీవీలో డ్రోన్లు, సైరన్లు చూసి అందరం టెన్షన్‌లో ఉన్నాం. మా సంఘం పిల్లలు కొందరు ఆర్మీలో ఉన్నారు, ఒకబ్బాయి జమ్మూ వైపే. పాస్టర్ గారు విజ్ఞాపన ప్రార్థన ఒక్కొక్కరికీ అప్పగించారు. అందరూ "మన సైన్యానికి జయం ఇవ్వు ప్రభువా, శత్రువుని నేలమట్టం చెయ్యి" అనే చేస్తున్నారు. చివర్లో ఒక పెద్దావిడ ప్రార్థించింది. ఆ జమ్మూలో ఉన్న అబ్బాయి తల్లి ఆవిడే. "మన పిల్లల్ని క్షేమంగా ఇంటికి చేర్చు తండ్రీ. అవతల కూడా నాలాంటి తల్లులు నిద్ర లేకుండా ఉండుంటారు, వాళ్ళ పిల్లల్నీ కాపాడు" అంది. సగం మందే ఆమెన్ అన్నారు.

బయట చెప్పులేసుకుంటుంటే సంఘ పెద్ద ఒకాయన ఆవిడని అందరి ముందూ నిలదీశాడు. "అదేం ప్రార్థనమ్మా? మనోళ్ళ మీద బాంబులేసేవాళ్ళ కోసమా?" అని. ఆవిడ తిరిగి ఒక్క మాట అనలేదు. పాస్టర్ గారూ కల్పించుకోలేదు. ఆ రోజు నుంచి ఆవిడ రాత్రి ప్రార్థనకి రావడం మానేసింది.

నాకు తెలియాల్సింది ఇది. యుద్ధం వస్తే మనవాళ్ళు గెలవాలని ప్రార్థించడం తప్ప సంఘానికి ఇంకో పని లేదా? వేరేగా ఏదైనా చేసిన సంఘాలున్నాయా? చేస్తే ఏమైనా ఫలితం వచ్చిందా? వచనాలు నాకు తెలుసు. నిజంగా జరిగినవి చెప్పండి.

కువైట్_రాజు
పెద్దావిడని అందరి ముందూ అలా అనడం ముమ్మాటికీ తప్పు. కానీ దేశం మీద దాడి జరిగినప్పుడు గెలవాలని ప్రార్థించడంలో తప్పేముంది? పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. దావీదు ప్రార్థించలేదా? కీర్తనల్లో ఎన్ని చోట్ల శత్రువుల సంగతి వస్తుందో చూడండి.

ఎస్తేరు_గుంటూరు
అదే దావీదు మందిరం కడతానంటే దేవుడు ఎందుకు వద్దన్నాడో కూడా చూడండి రాజు గారూ. మొదటి దినవృత్తాంతములు 22:8. రక్తం చిందించావు, నువ్వు కట్టకూడదన్నాడు.

కువైట్_రాజు
చూశాను సిస్టర్. సొలొమోను ప్రశాంతంగా కూర్చుని మందిరం కట్టగలిగాడంటే దావీదు ముందే యుద్ధాలు చేసి పెట్టాడు కాబట్టే.

చీరాల_చిన్నోడు
మొదటి పేజీలోనే పాత నిబంధన అంతా అయిపోయేలా ఉంది 😀 యోసేపన్న వచనాలు వద్దన్నాడు కదా.

మాజీ_హవల్దార్
సర్వీసులో ఉన్నప్పుడు నేను సరిహద్దులోనూ చేశాను, ఈశాన్యంలోనూ చేశాను. యోసేపు గారు చెప్పిన తల్లి చేసిన ప్రార్థన జవానుకి కొత్తగా అనిపించదు. మా యూనిట్లలో సర్వధర్మ స్థల్ అని ఉంటుంది. ఒకే కప్పు కింద గుడి, గురుద్వారా, మసీదు, చర్చి. ఆదివారం అక్కడే నలుగురైదుగురం కూర్చుని పాటలు పాడుకునేవాళ్ళం. అవతలివాళ్ళు నాశనం కావాలని అక్కడ ఎవరూ ప్రార్థించగా నేను వినలేదు. ఇంటికి క్షేమంగా వెళ్ళాలనే అడిగేవాళ్ళం. కాల్చాల్సి వస్తే కాలుస్తాం, అది డ్యూటీ. ద్వేషం మాత్రం టీవీ ముందు కూర్చున్నవాళ్ళలోనే ఎక్కువ చూశాను.

అయితే రాజు చెప్పినదాన్ని కొట్టిపారేయలేను. ఎవడో ఒకడు కాపలా ఉండాల్సిందే.

బైబిల్_విద్యార్థి
యోసేపన్నా, మీరు చెప్పిందానికి బాగా దగ్గరగా ఉండేది ఒకటి రష్యాలో జరిగింది. 2022 సెప్టెంబరులో ఆర్థడాక్స్ సంఘాధిపతి కిరిల్ ఒక ప్రార్థన పంపించి అన్ని చర్చిల్లో ఆరాధనలో చదవాలన్నాడు. ఉక్రెయిన్ యుద్ధంలో జయం ఇవ్వమని అడిగే ప్రార్థన. మాస్కోలో అయొఆన్ కొవాల్ అనే ఫాదర్ అది చదివేటప్పుడు "జయం" ఉన్న చోట "శాంతి" అని చదివాడు. ఆరాధనకి వచ్చినవాళ్ళలోనే ఎవరో పైకి ఫిర్యాదు చేశారు. 2023లో ఆయన ఫాదర్ హోదా తీసేశారు. తర్వాత ఇంకో ఆర్థడాక్స్ సంఘాధిపతి, కాన్‌స్టాంటినోపుల్ పాత్రియార్కు, ఆయనకి దాన్ని తిరిగి ఇచ్చాడు.

యుద్ధం మొదలైన కొత్తలో దాదాపు 300 మంది రష్యా ఫాదర్లు కాల్పులు ఆపమని బహిరంగ లేఖ మీద సంతకాలు పెట్టారు. కొస్త్రొమా ప్రాంతంలో ఒక పల్లెటూరి ఫాదర్ ఆదివారం ప్రసంగంలో యుద్ధం తప్పన్నందుకు కోర్టు 35,000 రూబుళ్ళు జరిమానా వేసింది.

కువైట్_రాజు
తమ్ముడూ, అక్కడ దాడి చేసింది రష్యానే. దాడి చేసినవాడు జయం కోసం ప్రార్థించడమూ, దాడికి గురైనవాడు ప్రార్థించడమూ ఒకటేనా? ఉక్రెయిన్ చర్చిల్లో కూడా వాళ్ళ సైన్యం గెలవాలనే ప్రార్థిస్తున్నారు. వాళ్ళనీ తప్పంటావా?

బైబిల్_విద్యార్థి
అనను. తొలి శతాబ్దాల సంఘ పండితుడు అగస్టీను కాలం నుంచి సంఘం కుస్తీ పడుతున్నది ఆ తేడాతోనే. న్యాయమైన కారణం ఉండాలి, అధికారం ఉన్నవాడే ప్రకటించాలి, పగతో చేయకూడదు అని షరతులు పెట్టారు. నా బాధల్లా ఏమిటంటే, ఏ దేశం చరిత్ర చూసినా ఆ షరతులన్నీ మన పక్షమే తీర్చిందని అక్కడి సంఘం తేల్చేస్తుంది. 1914లో జర్మన్ పాస్టర్లూ అలాగే అన్నారు, ఇంగ్లీషు పాస్టర్లూ అలాగే అన్నారు.

గుండ్లకమ్మ
ప్రార్థన గురించి బాగానే మాట్లాడుకున్నారు. యోసేపు గారు అడిగింది సంఘం ఏం చేసిందని. మన దేశంలోనే జరిగింది ఒకటి చెప్తా. మన సంఘాల్లో దాని గురించి మాట్లాడగా నేను వినలేదు.

ఒంగోలు, నెల్లూరుకి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనే నాగా కొండలకీ వెళ్ళింది. 1872లో అక్కడ మొదటి సంఘం మొదలైంది. 1878 జూలైలో మా గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఆ మిషన్‌కి చెందిన క్లౌ దొర టీము ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. అంటే నాగా బాప్టిస్టులు మనకి వరసకి అన్నదమ్ములే.

ఇక అసలు సంగతి. 1950ల నడిమి నుంచి నాగా కొండల్లో యుద్ధమే. ఒకవైపు ఫిజో నాయకత్వంలోని నాగా నేషనల్ కౌన్సిల్ తాలూకు అడవి సైన్యం, ఇంకోవైపు భారత సైన్యం. 1958లో సైన్యానికి ప్రత్యేక అధికారాలిచ్చే ఏఎఫ్ఎస్పీఏ చట్టం వచ్చింది. 1963 డిసెంబరులో రాష్ట్రం ఏర్పడినా కాల్పులు ఆగలేదు. ఏ కుటుంబం చూసినా ఒకడు అడవిలో, ఇంకొకడు సర్కారు కొలువులో.

1964 మొదట్లో వోఖాలో నాగా బాప్టిస్టు సంఘాల మహాసభ జరిగింది. వాళ్ళు అక్కడ ప్రార్థించి ఇళ్ళకి వెళ్ళిపోలేదు. రెండు పక్షాలూ నమ్మే మనుషుల పేర్లు చెప్పి, వీళ్ళతో శాంతి మిషన్ వేయండని తీర్మానం చేశారు. మిషన్‌లో పనిచేసింది ముగ్గురు: జయప్రకాశ్ నారాయణ్, అస్సాం ముఖ్యమంత్రి చాలిహా, ఆంగ్లికన్ ఫాదర్ మైకేల్ స్కాట్. ఒకాయన సర్వోదయ నాయకుడు, ఇంకొకాయన కాంగ్రెస్ ముఖ్యమంత్రి, మూడో ఆయన దక్షిణాఫ్రికాలో వర్ణ వివక్ష మీద కొట్లాడిన ఇంగ్లీషువాడు. బాప్టిస్టు సంఘం పిలిచిన ముగ్గురిలో బాప్టిస్టు ఒక్కడూ లేడు. దీన్ని గమనించండి.

ఆ ముగ్గురూ రెండు వైపులా తిరిగి మాట్లాడారు. 1964 సెప్టెంబరు 6 నుంచి కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. కోహిమా దగ్గర చేదేమాలో శాంతి శిబిరం పెట్టి అక్కడ చర్చలు నడిపారు. చర్చలు తేలలేదు. 1966లో జేపీ రాజీనామా చేశాడు, అదే ఏడాది స్కాట్‌ని ప్రభుత్వం దేశం నుంచి పంపేసింది, మిషన్ ముగిసింది. అయినా విరమణని పొడిగిస్తూ పోయారు, 1972 దాకా కాగితం మీద ఉంది. మధ్యలో ఉల్లంఘనలు లేవనను. కానీ అన్నేళ్ళూ పూర్తి స్థాయి యుద్ధం నడిచి ఉంటే ఎందరు పోయేవాళ్ళో ఆలోచించండి.

ఎస్తేరు_గుంటూరు
ఇది నిజంగా నాకు తెలియదు. జేపీని పిలిచింది బాప్టిస్టు సంఘమా!

చీరాల_చిన్నోడు
మా సంఘంలో కన్వెన్షన్‌కి ప్రసంగీకుణ్ణి పిలవాలన్నా మన మిషనా, వేరే మిషనా అని మూడు కమిటీ మీటింగులు. ఆ రోజుల్లో వాళ్ళు గాంధేయవాదిని పిలిచారా!

మాజీ_హవల్దార్
గుండ్లకమ్మ గారూ, మీరు చెప్పిన చరిత్ర సరే. నేను 1990లలో నాగాలాండ్‌లోనే మొకొక్‌చుంగ్ వైపు ఉన్నాను. నాకు కనిపించింది కూడా వినండి.

ఆదివారం వస్తే ఊరు ఊరంతా చర్చిలోనే. సోమవారం అదే ఊళ్ళో అడవిలోవాళ్ళ నుంచి డబ్బు వసూళ్ళకి చీటీలు వచ్చేవి. అడవిలో ఉన్నవాళ్ళ నినాదమేమిటి? "నాగాలాండ్ ఫర్ క్రైస్ట్". తుపాకీ చేతిలో, బైబిలు సంచిలో. పైగా 1988లో వాళ్ళలో వాళ్ళకే చీలిక వచ్చింది. ఖప్లాంగ్ వర్గం, ఐజాక్-ముయివా వర్గం. ఒకే పాటల పుస్తకం పాడేవాళ్ళు ఒకరినొకరు చంపుకున్నారు. సంఘానికి అంత బలముంటే దీన్ని ఎందుకు ఆపలేకపోయింది?

ఒకటి మాత్రం చెప్పాలి. సివిల్ డ్రెస్సులో ఒకసారి వాళ్ళ ఆరాధనకి వెళ్ళా. వాళ్ళు పాడింది ఆవో భాషలో. రాగం మాత్రం మా ఊళ్ళో మేం పాడేదే. నేను తెలుగులో అందుకున్నా. పక్కన కూర్చున్నాయన పుస్తకం నా వైపు జరిపాడు, చదవలేనని తెలిసి కూడా. నేను ఎవరినో ఆయనకి తెలుసు. నా జుట్టు చూస్తేనే తెలిసిపోతుంది.

గుండ్లకమ్మ
హవల్దార్ గారూ, మీ ప్రశ్న న్యాయమైనది. ఆ చంపుకోవడం చూసే 2008లో ఫోరం ఫర్ నాగా రికన్సిలియేషన్ పుట్టింది. నడిపింది వాతి ఐయర్ అనే బాప్టిస్టు రెవరెండ్. విడిపోయిన వర్గాల నాయకుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టడానికి థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ దాకా తీసుకెళ్ళారు. క్వేకర్లు (యుద్ధాన్ని ఒప్పుకోని ఒక క్రైస్తవ శాఖ), అమెరికన్ బాప్టిస్టులు సాయం చేశారు. 2009లో మూడు వర్గాల పెద్దలు సమాధాన ఒడంబడిక మీద సంతకాలు పెట్టారు. వర్గాల మధ్య చావులు ఆ తర్వాత బాగా తగ్గాయి. సమస్య తీరిందని నేను అనడం లేదు. ప్రభుత్వంతో అసలు ఒప్పందం ఇంకా నలుగుతూనే ఉంది.

తుపాకీ పట్టుకుని క్రీస్తు పేరు చెప్పడం గురించి మీరు అన్నది అక్కడి పాస్టర్లే ఎక్కువ బాధతో అంటారు. సంఘం మనుషులు రెండు వైపులా ఉన్నారు కాబట్టే సంఘం మధ్యలోకి వెళ్ళగలిగింది. ఆ కారణం చేతే దాని చేతులు పూర్తిగా శుభ్రంగానూ లేవు. ఈ రెండింటినీ విడదీయలేం.

పాలమూరు_మనవరాలు
ఈ చర్చ చూసి ఎన్నాళ్ళకో లాగిన్ అయ్యాను. మా తాతకి బాప్తిస్మం ఇచ్చింది మెన్నొనైట్ మిషనరీలు. పాలమూరు, నల్గొండ జిల్లాల్లో వాళ్ళ సంఘాలు చాలా ఉన్నాయి, జడ్చర్ల ఆసుపత్రి కూడా వాళ్ళు పెట్టిందే. యోసేపు గారిది దేవరకొండ కాబట్టి తెలిసే ఉంటుంది. వాళ్ళు మన దగ్గరికి ఏ చరిత్ర మోసుకొచ్చారో నేను కాలేజీకి వచ్చాక చదివాను.

1890 ప్రాంతంలో నల్గొండకి వచ్చిన ఫ్రీసెన్ దంపతులు రష్యా నుంచి వచ్చారు. ఇప్పుడది ఉక్రెయిన్. అక్కడి మెన్నొనైట్లు తరతరాలుగా తుపాకీ పట్టబోమన్నవాళ్ళు. జార్ ప్రభుత్వం 1874లో అందరికీ సైనిక సేవ తప్పనిసరి చేస్తే, వేల మంది భూములమ్ముకుని అమెరికా, కెనడా వెళ్ళిపోయారు. ఉండిపోయినవాళ్ళు ప్రభుత్వంతో బేరమాడి సైన్యానికి బదులు అటవీ సేవ ఒప్పుకున్నారు. కుర్రాళ్ళు కొన్నేళ్ళు స్టెప్పీల్లో చెట్లు నాటాలి, శిబిరాల ఖర్చు సంఘాలు భరించాలి. ఊరికే "మేం రాం" అనలేదు. దానికి డబ్బు కట్టారు, పిల్లల వయసు కట్టారు.

రష్యా విప్లవం తర్వాత అంతర్యుద్ధంలో మఖ్నో అనే అరాచకవాది దళాలు ఆ ఊళ్ళ మీద పడ్డాయి. హత్యలు, అత్యాచారాలు. అప్పుడు కొందరు కుర్రాళ్ళు తుపాకులు పట్టి ఆత్మరక్షణ దళాలు పెట్టుకున్నారు. దాని మీద ఆ సంఘాల్లో చాలాకాలం వాదన నడిచింది. వెంటనే కరువొచ్చింది. ఇంకో దేశానికి వెళ్ళిపోయిన బంధువులు 1920లో అమెరికాలో మెన్నొనైట్ సెంట్రల్ కమిటీ పెట్టి వంటశాలలు నడిపారు. అందులో మొదట వెళ్ళినవాళ్ళలో క్లేటన్ క్రాట్జ్ అనే కుర్రాడు అక్కడే మాయమైపోయాడు, తిరిగి రాలేదు. ఆ కమిటీయే 1940లలో బెంగాల్ కరువప్పుడు కలకత్తా వచ్చింది.

ఇంకొకటి. 1569లో హాలండ్‌లో డిర్క్ విల్లెమ్స్ అనే అనాబాప్టిస్టు (మెన్నొనైట్లు పుట్టింది ఆ శాఖ నుంచే), గుడ్డపేలికలు ముడేసి తాడు చేసుకుని జైలు నుంచి దిగి పారిపోయాడు. గడ్డకట్టిన చెరువు మీద పరుగెత్తాడు. జైలు తిండికి చిక్కిపోయాడు కాబట్టి మంచు ఆగింది. వెంటపడిన భటుడి కింద పగిలింది. డిర్క్ వెనక్కి వెళ్ళి అతన్ని బయటికి లాగాడు. అక్కడే పట్టుకుని తర్వాత తగలబెట్టారు. మా నాన్నకి ఈ కథ చెప్తే చాలాసేపు మాట్లాడలేదు.

కువైట్_రాజు
అమ్మా, చదివితే ఒళ్ళు గగుర్పొడిచింది. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. దేశమంతా డిర్క్ విల్లెమ్స్‌లే అయితే మఖ్నో లాంటోడు వచ్చినప్పుడు ఆడపిల్లల్ని ఎవరు కాపాడతారు? నువ్వే రాశావు కదా, చివరికి వాళ్ళే తుపాకీ పట్టారని.

పాలమూరు_మనవరాలు
ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు రాజన్నా. అది దాచడం ఇష్టం లేకే రాశాను. నేను నమ్మేది ఒకటుంది. తుపాకీ పట్టనన్నవాడు ఇంట్లో కూర్చోకూడదు. సైనికుడు తీసుకునేంత ప్రమాదం తనూ తీసుకోవాలి. 1984లో మెన్నొనైట్ ప్రపంచ మహాసభలో ఇదే పిలుపు వచ్చింది, దాన్నుంచే క్రిస్టియన్ పీస్‌మేకర్ టీమ్స్ పుట్టాయి. యుద్ధం ఉన్న చోటికి ఆయుధం లేకుండా వెళ్ళి జనం పక్కన ఉంటారు. పాలస్తీనాలోని హెబ్రోన్‌లో 1995 నుంచి పిల్లల్ని బడికి తోడు తీసుకెళ్ళడం లాంటివి చేశారు. 2005 నవంబరులో బాగ్దాద్‌లో నలుగురిని కిడ్నాప్ చేశారు. అందులో ఒకాయన, టామ్ ఫాక్స్‌ని 2006 మార్చిలో చంపేశారు.

కువైట్_రాజు
మిగతా ముగ్గురినీ విడిపించింది ఎవరు? బ్రిటిష్ సైనికులే కదా. నేను అప్పుడు గల్ఫ్‌లోనే ఉన్నాను, వార్తలన్నీ చూశాను.

పాలమూరు_మనవరాలు
నిజమే, సైనికులే. ఆ ముగ్గురూ వాళ్ళకి కృతజ్ఞత చెప్పారు. కానీ తమని నాలుగు నెలలు గొలుసులేసి ఉంచినవాళ్ళు పట్టుబడ్డాక, వాళ్ళకి ఉరి పడే ప్రమాదం ఉందని కోర్టులో సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకోలేదు. తమ స్నేహితుణ్ణి చంపినవాళ్ళ విషయంలో.

మాజీ_హవల్దార్
ఈ టామ్ ఫాక్స్ ఎవరు? ముందు నుంచీ చర్చి మనిషేనా?

పాలమూరు_మనవరాలు
క్వేకర్. అంతకుముందు ఇరవై ఏళ్ళు అమెరికా మెరైన్ల బ్యాండులో క్లారినెట్ వాయించాడు బాబాయ్.

మాజీ_హవల్దార్
యూనిఫాం వేసినవాడే అన్నమాట. అలాంటివాడు ఆయుధం లేకుండా బాగ్దాద్ వెళ్ళాడంటే నేను తక్కువ చేయను. నాకు చేతకాని పని అది.

లండన్_ప్రవీణ్
ఆఫ్రికాలోని మొజాంబిక్ గురించి ఎవరైనా చెప్తారేమోనని చూస్తున్నా. ఫలితం వచ్చిందా అని యోసేపు గారు అడిగినదానికి అంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

1977 నుంచి ఫ్రెలిమో ప్రభుత్వానికీ రెనామో తిరుగుబాటుదారులకీ యుద్ధం. దాదాపు పది లక్షల మంది చనిపోయారు, కరువుతో కలిపి. ఐక్యరాజ్యసమితి కాదు, అమెరికా కాదు, రోములో సంత్ ఎజీదియో అనే క్యాథలిక్ విశ్వాసుల సమాజం వాళ్ళని కలిపింది. 1968లో హైస్కూలు పిల్లలు పేదల కోసం మొదలుపెట్టింది అది. వాళ్ళ పాత కాన్వెంటులో 1990 జూలైలో చర్చలు మొదలై, 1992 అక్టోబరు 4న ఒప్పందంతో ముగిశాయి. మధ్యవర్తులు నలుగురు: సమాజం స్థాపకుడు రిక్కార్ది, ఫాదర్ జుప్పి, ఇటలీ ప్రభుత్వం తరఫున రఫాయెల్లి, బెయిరా ఆర్చిబిషప్ గొన్సాల్వెస్. ఈ ఆర్చిబిషప్ అంతకుముందే అడవిలోకి వెళ్ళి రెనామో నాయకుడు ధ్లకామాని కలిసి వచ్చాడు. ఇద్దరిదీ ఒకే ప్రాంతం, ఒకే భాష.

డబ్బు లేదు, సైన్యం లేదు, బెదిరించడానికి ఏమీ లేదు. అందుకే రెండు పక్షాలూ భయపడకుండా వచ్చి కూర్చున్నాయి. రెండేళ్ళకు పైగా ఓపిక పట్టారు. మధ్యలో ఎన్నిసార్లు లేచి వెళ్ళిపోయినా మళ్ళీ పిలిచారు. ఆ జుప్పి ఇప్పుడు కార్డినల్. 2023లో పోప్ ఫ్రాన్సిస్ కీవ్‌కీ, మాస్కోకీ పంపింది ఆయన్నే.

రెండో సంగతి నాకు ఇంకా ఇష్టం. ఒప్పందం తర్వాత దేశం నిండా తుపాకులే. ఆంగ్లికన్ బిషప్ దినిస్ సెంగులానే చొరవతో అక్కడి క్రైస్తవ కౌన్సిల్ 1995లో ఒక పథకం పెట్టింది. తుపాకీ తెచ్చిస్తే పార, కుట్టు మిషను, సైకిలు ఇస్తారు. యెషయా 2:4 ఉన్నది ఉన్నట్టు చేశారు. ముక్కలు కోసిన తుపాకుల్లో కొన్ని కళాకారులకి ఇచ్చారు. కెస్టర్ అనే కళాకారుడు వాటితో చేసిన కుర్చీ ఒకటి ఇక్కడ బ్రిటిష్ మ్యూజియం కొన్నది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. వీపు ఆనే చోట రెండు తుపాకీ మడమలు నిలువుగా ఉంటాయి. వాటి మీద మర రంధ్రాలు కళ్ళలాగా, కింద గీత నోరులాగా, నవ్వుతున్న ముఖాల్లా కనిపిస్తాయి. ఎవరి భుజానికి ఆనిన మడమలో.

ఎస్తేరు_గుంటూరు
తుపాకీకి కుట్టు మిషనా! ఆ బిషప్ ఇంట్లో ఆడవాళ్ళ మాట విన్నవాడై ఉంటాడు 🙂

బైబిల్_విద్యార్థి
ప్రవీణన్నా, రెనామో మళ్ళీ 2013లో తుపాకులు పట్టింది కదా. 2019లో ఇంకో ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. ఉత్తరాన కాబో దెల్గాదోలో 2017 నుంచి వేరే యుద్ధం. శాశ్వత శాంతి అని రాయకూడదేమో.

లండన్_ప్రవీణ్
శాశ్వతం అనలేదు తమ్ముడూ. అయితే 1992 తర్వాత పుట్టిన ఒక తరం ఆ పెద్ద యుద్ధాన్ని చూడకుండా పెరిగింది. 2013లో జరిగింది చిన్నదని అనను, పోయినవాళ్ళకి అది చిన్నది కాదు. కానీ పది లక్షల చావులతో పోల్చి చూడు.

సుజాత_నర్స్
అందరూ బిషప్పులు, ఫాదర్లు, రెవరెండ్లు అనే రాస్తున్నారు. లైబీరియా ఆడవాళ్ళని మర్చిపోయారు.

2003లో అక్కడ చార్లెస్ టేలర్ ప్రభుత్వానికీ తిరుగుబాటుదారులకీ యుద్ధం. చిన్నపిల్లలకి తుపాకులిచ్చి కొట్టుకుంటున్నారు. లేమా బోవీ అనే లూథరన్ మహిళ చర్చిల్లో ఆడవాళ్ళని పోగేసింది. ముస్లిం ఆడవాళ్ళు కూడా వచ్చి కలిశారు. అందరూ తెల్ల బట్టలు కట్టుకుని మన్రోవియాలో చేపల మార్కెట్ దగ్గర మైదానంలో రోజూ కూర్చున్నారు. ఎండా వానా చూడలేదు. టేలర్ కాన్వాయ్ వెళ్ళే దారి అది. చివరికి పిలిపించి మాట్లాడాడు, చర్చలకి వెళ్తానని ఒప్పుకున్నాడు.

చర్చలు ఘనాలో, అక్రాలో. వారాలు గడుస్తున్నా తేల్చడం లేదు. నాయకులు హోటళ్ళలో హాయిగా ఉన్నారు, ఊళ్ళో జనం చస్తున్నారు. వీళ్ళు అక్కడికీ వెళ్ళి హాలు తలుపులకి అడ్డంగా చేతులు పెనవేసుకుని కూర్చున్నారు, ఒప్పందం అయ్యేదాకా ఎవరూ బయటికి రాకూడదని. అరెస్టు చేస్తామంటే బోవీ బట్టలు విప్పేస్తానంది. అక్కడ తల్లి వయసు స్త్రీ అలా చేస్తే శాపం. మగాళ్ళు వెనక్కి తగ్గారు. 2003 ఆగస్టు 18న ఒప్పందం అయింది. 2011లో ఆమెకి నోబెల్ వచ్చింది.

నేను ఆఫ్రికాలో ఒక మిషన్ ఆసుపత్రిలో చేశాను. అక్కడి ఆడవాళ్ళు ఈ కథని గర్వంగా, నిన్న జరిగినట్టు చెప్తారు. యోసేపు తమ్ముడూ, మీ సంఘంలో ఆ పెద్దావిడ చేసిన ప్రార్థన లాంటిదాంతోనే అదంతా మొదలైంది. ఆవిడని ఒంటరిగా వదలకండి.

చీరాల_చిన్నోడు
స్త్రీల సమాజం తలుచుకుంటే కాని పని లేదు. మా చర్చి గోడ గొడవ రెండేళ్ళు నానింది. క్రిస్మస్ విందు వండమని వాళ్ళు కూర్చునేసరికి ఒక్క రోజులో పెద్దలు రాజీకొచ్చారు.

కువైట్_రాజు
నేను నా మాట మీదే ఉన్నాను, దేశ రక్షణ తప్పు కాదు. కానీ సుజాత గారు చెప్పింది కాదనలేను. గెలుపు కోసం ప్రార్థించేవాణ్ణి నేను. అవతలి తల్లి కోసం ప్రార్థించే ఆవిడ నోరు మూయించే హక్కు నాకెక్కడిది? యోసేపు గారూ, ఆ సంఘ పెద్దతో ఎవరైనా మాట్లాడారా?

దేవరకొండ_యోసేపు
ఇన్ని పోస్టులు వస్తాయనుకోలేదు. చాలావరకు ప్రింట్ తీసి పాస్టర్ గారికి ఇచ్చాను. ఆయన నాగాలాండ్ సంగతి రెండుసార్లు చదివారు. వచ్చే నెల యువకుల కూడికలో గుండ్లకమ్మ గారు ఫోన్‌లో మాట్లాడగలరా అని అడగమన్నారు. మా సంఘమూ పాలమూరు చెల్లి చెప్పిన మిషన్‌దే. ఆ అటవీ సేవ సంగతి మా ఊళ్ళో పెద్దవాళ్ళలో కూడా ఎవరికీ తెలియదు.

రాజన్నా, ఆ పెద్దాయనతో నేనే మాట్లాడాను. ఆయన తమ్ముడు కార్గిల్‌లో గాయపడి వచ్చాడట, అది ఆ రోజు నాకు తెలియదు. ఆయన మాట మార్చుకోలేదు, కానీ అరిచినందుకు బాధపడ్డాడు. పెద్దావిడ ఇంటికి వెళ్తానన్నాడు. వెళ్ళాడో లేదో ఇంకా అడగలేదు.

గుండ్లకమ్మ
తప్పకుండా మాట్లాడతా. హవల్దార్ గారిని కూడా లైన్‌లో పెట్టండి. నేను ఒక్కదాన్నే చెప్తే ఒక వైపే వింటారు.

మాజీ_హవల్దార్
వస్తా. మొకొక్‌చుంగ్ ఫొటోలు కూడా ఉన్నాయి.

కొత్త_సభ్యుడు_నంద్యాల
చర్చంతా చదివాను. నాకు 19 ఏళ్ళు. ఆర్మీకి వెళ్ళాలని ఉంది, మా ఇంట్లో అవసరం కూడా. కానీ మనిషిని కాల్చగలనా అని నిద్ర పట్టడం లేదు. డెస్మండ్ డాస్ గురించి మా సండే స్కూల్ టీచర్ చెప్పారు. అడ్వెంటిస్టు, తుపాకీ ముట్టనని చెప్పి వైద్య సహాయకుడిగా 1945లో ఒకినావా యుద్ధంలో కొండ మీద నుంచి దాదాపు 75 మందిని దించాడని. మన ఆర్మీలో అలాంటి దారి ఉందా హవల్దార్ సార్?

మాజీ_హవల్దార్
తమ్ముడూ, మన దేశంలో ఎవరినీ బలవంతంగా ఆర్మీలోకి తీసుకోరు. కాబట్టి తుపాకీ ముట్టనని చేరే ఏర్పాటు కూడా ఉండదు. ఏ ట్రేడ్‌లో చేరినా ట్రైనింగ్‌లో రైఫిల్ పట్టాలి, ఫైరింగ్ చేయాలి. అది ముందే తెలుసుకుని నిర్ణయించుకో. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్ ట్రేడ్ ఉంది. ఇంటర్‌లో బైపీసీ ఉండాలి, మొత్తం మీద 50 శాతం మార్కులు రావాలి. గాయపడ్డవాడు మనవాడైనా, పట్టుబడ్డ అవతలివాడైనా వైద్యం చేయడం వాళ్ళ డ్యూటీ. జెనీవా ఒప్పందం ప్రకారం అది తప్పనిసరి. నీది బైపీసీయేనా?

కొత్త_సభ్యుడు_నంద్యాల
బైపీసీయే సార్. 61 శాతం.

మాజీ_హవల్దార్
అయితే మొత్తం మార్కులు సరిపోతాయి. సబ్జెక్టుల వారీ మార్కులు, వయసు పరిమితి నోటిఫికేషన్‌లో చూసుకో. రోజూ పరుగు మొదలుపెట్టు, 1600 మీటర్ల దగ్గరే చాలామంది ఆగిపోతారు. అప్లికేషన్ నింపేటప్పుడు నాకు మెసేజ్ పెట్టు.

సుజాత_నర్స్
నంద్యాల బాబూ, ఆర్మీ ఒక్కటే దారి అనుకోవద్దు. అదే బైపీసీతో బీఎస్సీ నర్సింగ్ చేయొచ్చు. యుద్ధం జరిగే దేశాల్లో పనిచేసే మిషన్ ఆసుపత్రులకి మగ నర్సులు ఎప్పుడూ కావాలి. నాకూ మెసేజ్ పెట్టు, రెండూ పక్కపక్కన పెట్టుకుని మీ అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడుకో.